నెబ్యులైజర్ కొనేవారికి హెచ్చరిక: కిట్ సీలు చూడకుండా డబ్బు చెల్లించకండి

నల్గొండ పట్టణంలోని ఒక వైద్య పరికరాల దుకాణంలో మా అమ్మ కోసం కొన్న నెబ్యులైజర్ (ద్రవ మందును సన్నని పొగలా మార్చి ఊపిరితో పీల్చుకునేలా చేసే యంత్రం) వల్ల మాకు ఎదురైన అనుభవం, దమ్ముతోనూ తెగని దగ్గుతోనూ బాధపడే పెద్దలున్న ప్రతి ఇంటికీ తెలియాలన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లబోతున్నందున దుకాణం పేరు రాయడం లేదు.

అమ్మకు వయసులో ఉన్నప్పుడు టీబీ వచ్చి నయమైంది గానీ, అది శ్వాసనాళాలను దెబ్బతీసి పోయింది. నాళాలు సాగి వెడల్పై, తెమడ బయటికి రాక లోపలే నిలిచిపోయే ఈ స్థితిని వైద్యులు బ్రాంకియెక్టాసిస్ అంటారు. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. దేశంలోని 31 కేంద్రాల నుంచి 2,195 మంది రోగుల వివరాలు సేకరించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ జబ్బుకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన కారణం పాత టీబీయే.

తమ్ముడు తెచ్చిన యంత్రం పెట్టె కొత్తదే. మందు పోసే కప్పు, మాస్కు, గొట్టం ఉన్న సంచికి మాత్రం కంపెనీ సీలు లేదు, స్టేప్లర్ పిన్నులు కొట్టి ఉంది. అమ్మ దాన్ని వాడుతుండగా తెమడ పచ్చబడి, జ్వరం వచ్చి, నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడే స్థితికి చేరింది. అప్పుడు కప్పును విప్పి చూస్తే, మందు పొగగా మారే సన్నని రంధ్రం చుట్టూ పాత మందు గట్టిపడి పేరుకుని ఉంది. దుకాణానికి ఫోన్ చేస్తే, అది కొనేవారికి నడిపి చూపించే కిట్ అనీ, కుళాయి నీళ్లతో కడుక్కుంటే సరిపోతుందనీ, వాడిన వస్తువును తాము తిరిగి తీసుకోబోమనీ చెప్పారు. అంతటితో ఆగకుండా, తెమడ పచ్చగా వస్తోందని వినగానే, డాక్టరు చీటీ అడగకుండానే సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మాత్రలు పంపారు.

ఆసుపత్రిలో తెమడను కల్చర్‌కు (అందులోని బ్యాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్షకు) పంపితే సూడోమోనాస్ ఎరూజినోసా అనే బ్యాక్టీరియా బయటపడింది. అంతకుముందు చేయించిన పరీక్షలో అది లేదు. ఈ బ్యాక్టీరియా నీటిలోనూ తడి నేలలోనూ అంతటా ఉంటుంది కాబట్టి ఆ కప్పు నుంచే వచ్చిందని తేల్చి చెప్పలేమని డాక్టరు గారు అన్నారు. నేను కూడా అలా ఆరోపించడం లేదు. కానీ ఒకరు వాడి ఆరబెట్టని కప్పును, మందును నేరుగా ఊపిరితిత్తుల లోతుకు పంపే పరికరాన్ని, ఇలాంటి రోగికి అమ్మడం ఎంత ప్రమాదమో ఆయన వివరించారు. సూడోమోనాస్ దెబ్బతిన్న నాళాల్లో స్థిరపడితే తన చుట్టూ జిగట పొరను అల్లుకుంటుంది. మందులు గానీ, మన రక్తంలోని తెల్లకణాలు గానీ ఆ పొరను సులభంగా ఛేదించలేవు. పోరాడే తెల్లకణాలు విడుదల చేసే ఎంజైములు బ్యాక్టీరియాతో పాటు నాళాల గోడలను కూడా తినేస్తాయి, అందువల్ల తెమడ ఇంకా నిలుస్తుంది, అందులో బ్యాక్టీరియా ఇంకా పెరుగుతుంది. బ్రాంకియెక్టాసిస్ రోగులపై జరిగిన అధ్యయనాలను కలిపి 2015లో వెలువరించిన సమీక్ష ప్రకారం, ఈ బ్యాక్టీరియా ఉన్నవారిలో మరణాలు లేనివారికన్నా సుమారు మూడు రెట్లు ఎక్కువ, ఆసుపత్రిలో చేరవలసి రావడం దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. జబ్బు ముదిరినవారిలోనే ఇది ఎక్కువగా చేరుతుంది కాబట్టి మరణాలన్నిటికీ ఇదొక్కటే కారణం అనలేం. అయినా ఆ అంకెలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక వాళ్లు ఇచ్చిన సెఫిక్సిమ్ సూడోమోనాస్‌పై పనిచేయదు. నోటి ద్వారా ఇచ్చే మందుల్లో సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ వంటి కొద్ది మాత్రమే దీనిపై పనిచేస్తాయి, అవి కూడా కల్చర్ చూసి డాక్టరు నిర్ణయించాలి. పైగా సెఫిక్సిమ్ 2014 మార్చి నుంచి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్1 జాబితాలోని మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. మా విషయంలో ఎవరూ ఏ పేరూ రాసుకోలేదు.

కాబట్టి నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, ఎక్కడ కొన్నా సరే, కిట్ సంచిని కౌంటరు దగ్గరే తిప్పి చూడండి. కంపెనీ సీలు, బ్యాచ్ నంబరు లేకపోతే తీసుకోకండి, నడిపి చూపించాలంటే వాళ్ల కిట్‌తోనే చూపించమనండి. కచ్చా చీటీ వద్దు, జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు ఉండబట్టే మా ఫిర్యాదుకు ఆధారం దొరికింది. ఇంట్లో ప్రతిసారీ కప్పు, మాస్కు సబ్బునీళ్లతో కడిగి, మరిగించి చల్లార్చిన నీటితో జాడించి, శుభ్రమైన గుడ్డపై పూర్తిగా ఆరనివ్వండి. తడి కప్పును మూతపెట్టి దాచడమే అన్నిటికన్నా ప్రమాదం. మందులో కలపడానికి కుళాయి నీరు, క్యాన్ నీరు వద్దు, డాక్టరు రాసిన స్టెరైల్ సెలైన్ (క్రిములు లేని ఉప్పునీరు) మాత్రమే వాడాలి. తెమడ రంగు మారితే యాంటీబయాటిక్ మింగకముందే కల్చర్‌కు ఇవ్వండి, మింగాక ఇస్తే ఫలితం తప్పుగా రావచ్చు.

ఇలాంటి కిట్ ఇప్పటికే మీ చేతికి వచ్చి ఉంటే పారేయకుండా ఫొటోలు తీసి, బిల్లుతో పాటు దాచిపెట్టి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నెబ్యులైజర్ కూడా చట్టం దృష్టిలో ఔషధం కిందికే వస్తుంది కాబట్టి జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మేము రెండూ చేశాం.