చికాగో పుల్‌మన్ పేట: కారు వదిలి రైల్లో వెళ్లండి

ఐ-94 హైవే మీద 111వ వీధి ఎగ్జిట్ తీసుకుంటే కారు నేరుగా పుల్‌మన్ సందర్శకుల కేంద్రం దగ్గరికి చేరుతుంది. ప్రవేశం ఉచితం, పార్కింగ్ ఉచితం. అయినా రైల్లోనే వెళ్లమంటాం. ఈ పేటను కట్టిందే రైల్లో వచ్చేవాళ్ల కళ్ల కోసం.

స్లీపర్ బోగీలు చేసే జార్జ్ పుల్‌మన్ 1880లో ఇల్లినాయ్ సెంట్రల్ పట్టాలకూ కాలుమెట్ సరస్సుకూ మధ్య ఫ్యాక్టరీ, ఇళ్లు కలిపి ఒకేసారి మొదలుపెట్టాడు. భవనాలు సోలన్ బీమన్‌వి, తోటలు నేథన్ బారెట్‌వి. గడియారం ఉన్న ఆఫీసు భవనం పట్టాలవైపే చూస్తుంది. దాని ముందు ఒకప్పుడు చిన్న చెరువు ఉండేది. ఫ్యాక్టరీని నడిపిన కార్లిస్ ఆవిరి యంత్రం వాడి వదిలిన నీళ్లే అందులోకి వెళ్లేవి. చెరువు ఇప్పుడు లేదు, చూపు మాత్రం అలాగే ఉంది.

నగరం నడిబొడ్డున ఉన్న మిలీనియం స్టేషన్లో మెట్రా ఎలక్ట్రిక్ లోకల్ రైలు ఎక్కి 111వ వీధి పుల్‌మన్ స్టేషన్లో దిగాలి. అక్కడ అన్ని బళ్లూ ఆగవు, టైంటేబుల్ చూసుకుని ఎక్కండి. కుదరకపోతే ఎక్కువ బళ్లు ఆగే 115వ వీధి కెన్సింగ్టన్‌లో దిగి ఉత్తరానికి నాలుగు వీధులు నడవండి.

ముందు సందర్శకుల కేంద్రం. 1998లో ఎవరో నిప్పంటించడంతో గడియార స్తంభం కాలిపోయింది. తిరిగి కట్టిన ఆ ఆఫీసు భవనంలోనే 2021 నుంచి ప్రదర్శన నడుస్తోంది. 1893 మాంద్యంలో కంపెనీ జీతాలు కోసి ఇంటద్దెలు మాత్రం తగ్గించకపోవడం, 1894 మే 11న సమ్మె, దేశంలో చాలాచోట్ల రైళ్లు ఆగిపోవడం, సైన్యం దిగడం ఇక్కడ తెలుసుకుని వీధిలోకి వెళ్తే ఇళ్లు వేరేగా కనిపిస్తాయి.

నడక పడమర నుంచి తూర్పుకు సాగాలి. 111వ వీధిలో, యజమాని కూతురి పేరు పెట్టిన ఫ్లోరెన్స్ హోటల్ పక్కనే పై అధికారుల పెద్ద ఇళ్లు. లోపలికి వెళ్లేకొద్దీ ఇళ్ల ముఖభాగాలు సన్నబడతాయి, అలంకారం తగ్గుతుంది. తూర్పు అంచున లాంగ్లీ వీధిలో బ్లాక్ హౌసులు: ఒకే కప్పు కింద చాలా కుటుంబాలు, ఉమ్మడి కుళాయి, ఉమ్మడి మరుగుదొడ్డి. హోదాల జాబితా ఇటుకల్లోనే కనిపించే పేట ఇది. అయినా మంచి మురుగు కాలవలూ భవనాల్లోకే నీళ్లూ గ్యాసూ ఆ కాలపు కూలీపేటల్లో అరుదు. ఆ మెప్పు కంపెనీకి ఇవ్వాల్సిందే.

గోడలను దగ్గరగా చూడండి. కాలుమెట్ సరస్సు బంకమట్టితో కాల్చిన ఇటుకలు మెత్తన. వీటి సందుల్లో సున్నపు అడుసే ఉండాలి. గట్టి సిమెంటు కూరితే తడి సందులోంచి బయటికి పోలేక ఇటుకలోనే నిలుస్తుంది, చలికాలం గడ్డకట్టి ఇటుక ముఖం పొరలుగా రాలుతుంది. రాలిన ఇటుక కనబడితే ముందు దాని సందు చూడండి. గ్రీన్‌స్టోన్ చర్చిది మరో తంటా: పెన్సిల్వేనియా నుంచి తెచ్చిన ఆ ఆకుపచ్చ సర్పెంటైన్ రాయి అందమైనదే గానీ వానకూ మంచుకూ నిలిచేది కాదు.

ఒకే వరసలో పక్కపక్క ఇళ్లకు తలుపులూ కిటికీలూ వేరువేరుగా ఎందుకున్నాయంటే, ఇళ్లు వదులుకోవాలని 1898లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు కంపెనీని ఆదేశించింది. 1907 నాటికి అవి విడివిడిగా అమ్ముడుపోయాయి, ఎవరి ఇంటిని వాళ్లు మార్చుకున్నారు. 1960లో 111 నుంచి 115వ వీధి దాకా కూల్చి పరిశ్రమలు పెడదామన్నప్పుడు అడ్డుకున్నది ఇక్కడి నివాసులే.

నిరాశపరిచేది మార్కెట్ హాలు. 1973 మంటల తర్వాత మిగిలింది మొండి గోడలే. చుట్టూ వంపు తిరిగి, ముందు స్తంభాల వరసలున్న నాలుగు భవనాలు ఆ లోటు కొంత తీరుస్తాయి. ఇళ్లన్నీ జనం కాపురముంటున్నవి, మెట్లెక్కి ఫొటోలు తీయకండి. లోపల చూడాలంటే అక్టోబరులో జరిగే గృహ సందర్శనకు వెళ్లండి, టికెట్టు కొనాలి.

రెండున్నర గంటలు పెట్టుకోండి. ఇంకో గంట ఉంటే ఉత్తరాన 104వ వీధి దగ్గరున్న ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ పోర్టర్ల మ్యూజియానికి వెళ్లండి. రాండాల్ఫ్ ఆ పోర్టర్ల సంఘం నాయకుడు. పుల్‌మన్ బోగీల్లో ప్రయాణికులకు సేవ చేసిన నల్లజాతి పోర్టర్లు 1925లో సంఘం పెట్టుకుని 1937లో కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు. వాళ్ల కథ ఇంత వివరంగా అక్కడే దొరుకుతుంది. తెరిచి ఉంటుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.