ఏడాస్ ఉన్న కారుతో మన రోడ్ల మీద: బ్రేకుకి నా ఓటు, స్టీరింగ్‌కి కాదు

ఏడాస్ (కెమెరా, రాడార్‌తో రోడ్డుని చూస్తూ డ్రైవర్‌కి సాయం చేసే సిస్టమ్) కోసం టాప్ వేరియంట్ తీసుకోవాలా, ఆ డబ్బులు మిగుల్చుకోవాలా అని ఈమధ్య ఆఫీసులో, చుట్టాల్లో కారు కొనే ప్రతివాళ్లూ అడుగుతున్నారు, అందుకే అందరికీ పనికొచ్చేలా ఒకేచోట రాసేస్తున్నా. నేనుండేది హైదరాబాద్, మా ఊరు కోదాడ వైపు, కాబట్టి నా డ్రైవింగ్ అంతా సిటీ ట్రాఫిక్, ఓఆర్ఆర్ (సిటీ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు), విజయవాడ హైవే, ఆ తర్వాత ఊళ్లోకి వెళ్లే సింగిల్ రోడ్డు. ఈ నాలుగింట్లోనూ ఏడాస్ నాలుగు రకాలుగా ప్రవర్తిస్తుంది. కారు కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఫ్రెండ్స్ కార్లు కూడా నడిపి చూశా, కొంచెం అటూఇటుగా అన్నిటి కథా ఇదే.

ముందు ఒక విషయం. ఏడాస్ అంటే ఒక ఫీచర్ కాదు. షోరూంలో "లెవెల్ టూ ఏడాస్ సార్, పదిహేడు ఫీచర్లు సార్" అని గడగడా చెప్పేస్తారు గానీ అందులో మూడు రకాల పనులున్నాయి. కొన్ని ఊరికే హెచ్చరిస్తాయి, కొన్ని బ్రేక్ వేస్తాయి, కొన్ని స్టీరింగ్ తిప్పుతాయి. మన రోడ్ల మీద ఈ మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. హెచ్చరించేవీ బ్రేక్ వేసేవీ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తాయి, స్టీరింగ్ తిప్పేది మాత్రం రోడ్డుని బట్టి ఆన్ చేసుకోవాలి, చాలా రోడ్ల మీద ఆఫ్‌లోనే ఉంచాలి. నేను చెప్పేదంతా ఇంతే, మిగతాదంతా ఎందుకు అలా అంటున్నానో చెప్పడానికే.

మన దగ్గర ఇది మొదలై పెద్దగా టైం కూడా కాలేదు. లగ్జరీ బ్రాండ్లు వదిలేస్తే 2020లో గ్లోస్టర్ కారుతో వచ్చింది, 2021లో ఆస్టర్, ఎక్స్‌యూవీ700 వచ్చాక జనానికి పేరు తెలిసింది, తర్వాత వెర్నా, సెల్టోస్, క్రెటా, హారియర్ ఇలా వరసగా వచ్చేశాయి, 2024 చివర్లో వచ్చిన కొత్త అమేజ్‌తో చిన్న సెడాన్‌లోకి కూడా దిగిపోయింది. కొన్నిట్లో అద్దం వెనకాల కెమెరా ఒక్కటే ఉంటుంది, కొన్నిట్లో కెమెరాతో పాటు ముందు బంపర్ దగ్గర రాడార్ కూడా ఉంటుంది. కొనేముందు ఈ తేడా తప్పకుండా అడగండి, వానలో, చీకట్లో రాడార్ ఉన్న కారుకీ లేని కారుకీ తేడా తెలుస్తుంది.

ఓఆర్ఆర్ మీద మాత్రం ఇది నిజంగా సుఖం. 158 కిలోమీటర్ల రోడ్డు, లేన్ గీతలు కనిపిస్తాయి, టూవీలర్లకి ఎంట్రీ లేదు, కుడివైపు లేన్లలో స్పీడ్ లిమిట్ 120. అడాప్టివ్ క్రూయిజ్ (ముందు బండిని బట్టి స్పీడ్ తనే చూసుకునేది) వందకి పెట్టేసి, ముందు బండికి గ్యాప్ డిస్‌ప్లేలో మూడు గీతలు పెట్టుకుంటే కాలికి పనే లేదు, ముందున్నవాడు స్లో అయితే కారు కూడా మెల్లగా తగ్గుతుంది, వాడు పక్కకి వెళ్తే మళ్లీ అందుకుంటుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి తెల్లవారుజామున వెళ్లొచ్చిన రోజుల్లో ఆ తేడా ఒంటికి తెలుస్తుంది, నడుం నొప్పి, మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి ఇదొక్కటే చాలు. కారుని లేన్ మధ్యలోనే ఉంచే లేన్ సెంటరింగ్ కూడా అక్కడ చక్కగా పనిచేస్తుంది, చేతులు స్టీరింగ్ మీదే ఉంచి వదులుగా పట్టుకుంటే చాలు.

అదే కారు పెద్దఅంబర్‌పేట దాటి విజయవాడ హైవే ఎక్కేసరికి వేరే బండిలా అయిపోతుంది. చౌటుప్పల్ దాకా గ్యాప్ వదిలితే చాలు ఎవడో ఒకడు దూరిపోతాడు, వాడు దూరగానే మన కారు బ్రేక్ వేస్తుంది, వెనకాల లారీవాడు హారన్ కొడతాడు, మళ్లీ గ్యాప్ వస్తుంది, మళ్లీ ఇంకొకడు. గ్యాప్ ఒక గీతకి తగ్గిస్తే ఆ స్పీడులో నాకు భయం. కాబట్టి ట్రాఫిక్ ఉన్నంతసేపూ క్రూయిజ్ తీసేసి మామూలుగా నడుపుతా, పంతంగి టోల్ దాటాక రోడ్డు కాస్త ఖాళీ అయ్యాక పెడతా.

ఇక్కడ అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. హైవే స్పీడులో వెళ్తున్నప్పుడు రోడ్డు మీద ఆగి ఉన్న బండిని ఈ క్రూయిజ్ నమ్మకంగా పట్టుకోలేదు. కదులుతున్న బండిని బాగా ఫాలో అవుతుంది, కానీ అసలు కదలకుండా నిలబడిన దాన్ని, బోర్డులూ రెయిలింగులూ బ్రిడ్జిల్లాంటి వాటితో కలిపి లెక్కలోంచి తీసేసే అవకాశం ఉంది, కార్ల మాన్యువల్స్‌లోనే ఈ వార్నింగ్ ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ. మన హైవేల మీద రాత్రిపూట ప్రాణాలు తీసేదే పార్కింగ్ లైట్ లేకుండా ఆపేసిన లారీ. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది అని కేంద్రం లెక్క. అలాంటి దేశంలో రాత్రిపూట క్రూయిజ్ పెట్టుకుని ఫోన్ చూసేవాడిని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది, రీల్స్ కోసం డ్రైవర్ సీటు వదిలేసి పక్క సీట్లోకి వెళ్లినవాళ్లని అయితే లైసెన్స్ పీకేయాలి.

ఇప్పుడు బ్రేక్ సంగతి. నకిరేకల్ దాటాక ఒక సాయంత్రం, నాన్న పక్కన కూర్చున్నారు, ముందు వెళ్తున్న డీసీఎం వ్యాన్ లెఫ్ట్‌లో ధాబా చూసి ఇండికేటర్ లేకుండా ఒక్కసారిగా బ్రేక్ కొట్టాడు. నా కాలు బ్రేక్ మీదకి వెళ్లేలోపే డిస్‌ప్లే ఎర్రగా వెలిగి, బీప్ మోగి, సీట్ బెల్టు ఛాతీని పట్టేసి, కారు ముక్కు కిందకి దిగింది. తర్వాత నేను కూడా గట్టిగా తొక్కా, ఆగాం. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఏరా, ముందు నువ్వేశావా అదేసిందా?" అన్నారు. అదే వేసింది నాన్నా అన్నా. "మంచిదే, కానీ అదుంది కదా అని నువ్వు ఏమరుపాటుగా ఉండకు" అన్నారు. నలభై ఏళ్లు ట్రాక్టరూ జీపూ నడిపిన మనిషి మాట అది, ఈ టెక్నాలజీ గురించి నేను విన్న అన్ని మాటల్లో అదే సరైనది.

కాలు కదిలే ఆ ఒక్క సెకను టైంలో హైవే స్పీడులో బండి పాతిక మీటర్లు వెళ్లిపోతుంది. కారు అంతకంటే ముందే బ్రేక్ మొదలుపెడితే గుద్దుడు పూర్తిగా తప్పకపోయినా దెబ్బ తీవ్రత తగ్గుతుంది. ఆటో ఎమర్జెన్సీ బ్రేకింగ్‌ని యూరప్‌లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో తప్పనిసరి చేశారు, అమెరికాలో 2029 సెప్టెంబర్ గడువు పెట్టారు. మన దగ్గర కార్లకి ఇంకా డబ్బులు పెట్టి కొనుక్కునే ఫీచరే. ఎయిర్‌బ్యాగుల్లాగే దీన్నీ కింది వేరియంట్లలో ఇవ్వాలి, సన్‌రూఫ్ ఉన్నవాడికే బ్రేక్ సాయం దొరకడం నాకు అస్సలు నచ్చలేదు.

సిటీలో ఇదే ఫీచర్ కాస్త విసిగిస్తుంది, అది దాచను. అమీర్‌పేట, కూకట్‌పల్లి లాంటి చోట బైకులు అటు నుంచి ఇటు కోసుకుంటూ పోతుంటే బీప్ బీప్ అంటూనే ఉంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి వార్నింగ్ టైమింగ్‌ని ఎర్లీ నుంచి లేట్‌కి మార్చుకుంటే చాలావరకు తగ్గుతుంది. విసుగొచ్చి మొత్తానికే ఆఫ్ చేసేవాళ్లున్నారు, దయచేసి అలా చేయకండి, లేట్‌లో పెట్టుకోండి చాలు.

స్టీరింగ్ దగ్గరే నాకు పేచీ. లేన్ దాటకుండా స్టీరింగ్ తిప్పే లేన్ కీప్ అసిస్ట్ కెమెరాతో గీతలు చూసి నడుస్తుంది, మన రోడ్డు మీద గీతలు ఒకచోట ఉంటాయి, ఒకచోట ఉండవు, ఒకచోట పాతవీ కొత్తవీ రెండూ ఉంటాయి. పనులు జరిగే డైవర్షన్ దగ్గర బారికేడ్లు ఒకవైపు చూపిస్తుంటే చెరిపేయని పాత గీత ఇంకోవైపు ఉంటుంది, కారు గీత వైపు లాగుతుంది, మనం బారికేడ్ చూసి ఇటు తిప్పుతాం, ఆ క్షణంలో స్టీరింగ్ మనకి ఎదురు తిరిగినట్టు చేతికి తగులుతుంది. గట్టిగా తిప్పితే వదిలేస్తుంది, అందులో అనుమానం లేదు, కానీ అలవాటు లేనివాళ్లు కంగారుపడతారు. గుంత తప్పించేటప్పుడూ అంతే, రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకుని తప్పించేటప్పుడూ అంతే. ఇండికేటర్ వేసి జరిగితే అడ్డుపడదు, కానీ ఎదురుగా బైకు వస్తుంటే ఇండికేటర్ వేసే టైం ఎక్కడుంటుంది?

కోతల సీజన్లో ఇంకో సమస్య. సర్వీస్ రోడ్ల మీద, ఊళ్లోకి వెళ్లే తారు రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పెడతారు. కెమెరాకి అది రోడ్డే, రాయి చిన్నది కాబట్టి కనపడదు. రాత్రి టార్పాలిన్ కప్పిన వడ్ల కుప్పని కూడా మా కారు ఎప్పుడూ గుర్తుపట్టలేదు. వరిగడ్డి లోడుతో వెళ్లే ట్రాక్టర్ అయితే డిస్‌ప్లేలో ఒకసారి లారీ బొమ్మలా వస్తుంది, ఒకసారి కారు బొమ్మ, ఒక్కోసారి బొమ్మే రాదు. ఆటోలు కూడా అలాగే వస్తూ పోతూ ఉంటాయి. అందుకే కోదాడ దగ్గర హైవే దిగగానే నేను చేసే మొదటి పని లేన్ కీప్ బటన్ నొక్కి ఆపేయడం, ఆటో హైబీమ్ కూడా తీసేయడం, ఎదురుగా లైట్ లేని సైకిల్ మీద వచ్చే మనిషిని అది గుర్తుపట్టదు, హైబీమ్ వాళ్ల కళ్లలోనే కొడుతుంది.

ఈ గందరగోళాన్ని మెషీన్‌కి నేర్పే పని మన ఊళ్లోనే జరిగిందని చాలామందికి తెలియదు. గచ్చిబౌలి ఐఐఐటీ వాళ్లు ఇంటెల్‌తో కలిసి 2018లో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ అని తెచ్చారు, హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన 10,000 ఫొటోల్లో ఏది ఏదో గీతలు గీసి గుర్తులు పెట్టారు, 34 రకాలుగా విడగొట్టారు, అందులో ఆటోకి విడిగా ఒక రకం, జంతువులకి విడిగా ఒక రకం ఉంది. యూరప్ సిటీల ఫొటోలతో నేర్చుకున్న కెమెరాకి మన ఆటో ఎలా అర్థమవుతుంది? కంపెనీలు బ్రోచర్‌లో ఫీచర్ల సంఖ్య కాకుండా, మన రోడ్ల మీద ఎంత టెస్ట్ చేశారో చెప్తే కొనేవాళ్లకి ఎంతో ఉపయోగం.

పెద్దగా ఎవరూ మాట్లాడని రెండు చిన్న ఫీచర్లు నాకు రోజూ పనికొస్తున్నాయి. ఒకటి బ్లైండ్ స్పాట్ వార్నింగ్, లెఫ్ట్ నుంచి దూసుకొచ్చే బైకుని సైడ్ మిర్రర్‌లో లైట్ వెలిగించి చూపిస్తుంది, అదే టైంలో ఇండికేటర్ వేస్తే మోగుతుంది. రెండోది రివర్స్‌లో పక్కనుంచి వచ్చే బండిని చెప్పేది. రెండు ఎస్‌యూవీల మధ్య పార్క్ చేసినప్పుడు వెనక్కి తీస్తుంటే పక్కన ఏమీ కనపడదు కదా, అప్పుడు ఇది మూడో మనిషిలా నిలబడి చెప్తుంది. రోజూ సిటీలోనే తిరిగేవాళ్లకి క్రూయిజ్ కంటే ఈ రెండే ఎక్కువ విలువ.

ఇక మెయింటెనెన్స్. కొత్త కారుకి పూజ చేయించేటప్పుడు పంతులుగారికి ముందే చెప్పండి, ముందు అద్దం మీద పైన మధ్యలో కెమెరా ఉంటుంది, అక్కడ పసుపూ కుంకుమా వద్దు. బంపర్ దగ్గర రాడార్‌కి అడ్డంగా పూలదండ గానీ నిమ్మకాయలూ మిరపకాయల దండ గానీ వేలాడితే సెన్సర్ బ్లాక్ అయిందని మెసేజ్ రావచ్చు, దండ కాస్త పక్కకి కట్టుకుంటే సరిపోతుంది. ముందు గార్డులు అసలే వద్దు, బుల్ బార్లు 2017లోనే నిషేధించారు, పైగా రాడార్‌కి అడ్డం. సాయంత్రం విజయవాడ వైపు నుంచి హైదరాబాద్ వస్తుంటే సూర్యుడు నేరుగా ఎదురుగా ఉంటాడు, ఆ టైంలో, జోరు వానలో కెమెరా చేతులెత్తేస్తుంది, మెసేజ్ వస్తే గాబరా పడక్కర్లేదు, మీరు మామూలుగా నడపండి.

మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది అద్దం. టిప్పర్ నుంచి రాయి ఎగిరిపడి ముందు అద్దం పగిలింది, ఇన్సూరెన్స్‌లో మార్చారు, సర్వీస్ సెంటర్‌వాళ్లు కెమెరా పాతదే కదా సార్ ఏం చేయక్కర్లేదు అన్నారు. బయటికి వచ్చాక ఓఆర్ఆర్ మీద చూస్తే కారు లేన్ మధ్యలో కాకుండా కుడివైపుకి ఒరిగి వెళ్తోంది. మళ్లీ వెళ్లి గట్టిగా అడిగితే అప్పుడు క్యాలిబ్రేషన్ (కెమెరా గురి సరిచేయడం) చేశారు. సమంగా ఉన్న నేల మీద కారు నిలబెట్టి, ముందు నలుపూ తెలుపూ గళ్ల బోర్డు పెట్టి, టేపుతో దూరం కొలిచి, కంప్యూటర్ తగిలించి చేస్తారు. అద్దం మారిస్తే ఇది చేయాల్సిందే, చేసినట్టు జాబ్ కార్డులో రాయించుకోండి, ఆ ఖర్చు ఇన్సూరెన్స్‌లో వస్తుందో లేదో అద్దం మార్చకముందే అడగండి. ముందు బంపర్ మార్చినా రాడార్ సంగతి అంతే.

కొనేవాళ్లకి నా మాట. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ (కారు జారి అదుపు తప్పకుండా చూసేది), మంచి క్రాష్ రేటింగ్ ముందు చూసుకోండి, అవి ఉన్నాక బడ్జెట్ ఉంటే ఏడాస్ వేరియంట్‌కి వెళ్లండి. మాకు అప్పట్లో కింది వేరియంట్‌కీ దీనికీ లక్షన్నర దాకా తేడా వచ్చింది, హైవే మీద ఎక్కువ తిరుగుతాం కాబట్టి నాకు బాధ లేదు. క్రూయిజ్ పూర్తిగా ఆగేదాకా పనిచేస్తుందా అని అడగండి, కొన్ని కార్లలో 30 లోపు స్పీడ్ పడగానే కట్ అయిపోతుంది, అప్పుడు సిటీలో దానితో లాభం లేదు. టెస్ట్ డ్రైవ్ షోరూం చుట్టూ ఒక రౌండ్ వేసి ఇచ్చేస్తే ఒప్పుకోకండి, ఓఆర్ఆర్ ఎక్కించమనండి, వీలైతే చీకటి పడ్డాక, లేన్ కీప్ ఆన్ చేసి ఒకసారి, ఆఫ్ చేసి ఒకసారి మీరే నడపండి. ఇంట్లో ఇంకెవరు నడుపుతారో వాళ్లని కూడా తీసుకెళ్లి, ఏ బటన్ నొక్కితే ఏది ఆగుతుందో డెలివరీ రోజే వాళ్ల చేత నొక్కించండి.