ములుగు దారిలోని మహిళా సంఘం తేనె: మూడు సీసాల తర్వాత

హనుమకొండలో పొదుపు సంఘాల వస్తువుల అమ్మకంలో ఏడాది క్రితం తొలిసారి కొన్నప్పటి నుంచి, ములుగు వెళ్ళే దారిలోని ఒక పల్లెలో పన్నెండు మంది మహిళలు కలిసి తీస్తున్న తేనెనే మా ఇంట్లో వాడుతున్నాము. ఇప్పటికి పత్తి పూతది, పొద్దుతిరుగుడుది, కానుగది మూడు సీసాలు అయ్యాయి. అరకిలో 300 రూపాయలు. బజారులో దొరికే తేనె కన్నా ఇది కొంత ఎక్కువే అయినా, ఏ పూత తేనెను ఆ పూతకే వేరుగా తీసి, కాచకుండా, వడకట్టి మాత్రమే ఇస్తారు కాబట్టి ఆ ధర న్యాయమైనదేనని నా అభిప్రాయం.

పొద్దుతిరుగుడు తేనె తెచ్చిన మూడు వారాలకే అడుగు నుంచి పేరుకొని నెయ్యిలా అయింది. చక్కెర కలిపారేమోనని మా అత్తమ్మ ఆ సీసాను పక్కన పెట్టేశారు. నిజానికి తేనెలో గ్లూకోజు శాతం ఎక్కువైన కొద్దీ అది త్వరగా పేరుకుంటుంది. పొద్దుతిరుగుడు, పత్తి, ఆవ పూతల తేనెలకు అది స్వభావమే. సీసాను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నిలబెట్టగానే కరిగింది. నీళ్ళలో చుక్క వేసి చూడటం, వత్తికి పూసి వెలిగించడం వంటి పరీక్షలను మేమూ నమ్మేవాళ్ళమే కాని, చిక్కటి పాకం కూడా వాటిలో నెగ్గుతుంది కనుక కల్తీ అలా తేలదు. కానుగ తేనె పిల్లలకు అంతగా నచ్చలేదు. నాకు మాత్రం మూడింటిలో అదే ఇష్టం.

రెండో సీసా తర్వాత ఆ ఊరికి వెళ్ళి చూశాను. మామిడి చెట్ల కింద వరుసగా పెట్టెలు, చీమలు ఎక్కకుండా వాటి కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు ఉన్నాయి. పెంచేది ఇటాలియన్ తేనెటీగలను. ఒక చోట పూత అయిపోతే పెట్టెలను మరో పంట దగ్గరికి చేర్చాలి, అదీ ఈగలన్నీ గూటికి చేరిన రాత్రివేళలోనే; ఆ బండి కిరాయి, తేనె తీసే యంత్రం ఖర్చు ఒక్క ఇంటి మీద పడితే మోయలేరు కాబట్టే సంఘంగా అప్పు తీసుకొని, వంతులవారీగా కాపలా ఉంటూ, వచ్చినది సమంగా పంచుకుంటున్నారు. తేనెపట్టు గదులకు ఈగలు మైనంతో మూత వేసిన చట్రాలనే తీస్తారు, ఎందుకంటే మూత పడని తేనెలో నీటి శాతం ఎక్కువై అది పులుస్తుంది. తేమ 20 శాతం మించకూడదన్నది ప్రభుత్వ ప్రమాణం. పూత లేని వానాకాలంలో ఈగలకు చక్కెర నీళ్ళు పెడతామని, ఆ నెలల్లో తేనె తీసేది లేదని, నేను అడగకముందే చెప్పారు. నాకు నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

అన్నిటికన్నా వాళ్ళకు భయం పత్తి చేలకు కొట్టే మందు. "పెట్టెలు మావే గని పూలు ఊరందరియి అక్కా. మందు పొద్దుగూకినంక కొడితే మా ఈగలు బతుకుతయి" అని ఒకామె చెప్పింది. అందుకోసం వాళ్ళు చుట్టుపక్కల రైతుల ఇల్లిల్లూ తిరిగి బతిమాలుకుంటారు.

లోపాలూ ఉన్నాయి. ఒక సీసా మూత వదులుగా ఉండి సంచి అంతా తేనె అయింది. చీటీ మీద పూత పేరు చేత్తో రాస్తున్నారు కాని తీసిన నెల రాయడం లేదు. ఏడాది నిండని పసిబిడ్డలకు తేనె పెట్టకూడదన్న హెచ్చరిక కూడా దాని మీద ఉండాలి, పుట్టిన బిడ్డకు తేనె నాకించే అలవాటు మన ఇళ్ళలో ఇంకా పోలేదు కదా. ఈ మూడూ చెబితే, సంఘం లీడరు తమ లెక్కల పుస్తకం వెనుక పేజీలో రాసుకుంది.

వేప పూత తేనె ఉగాది దాటాక గాని రాదట. రెండు సీసాలకు ముందే చెప్పి వచ్చాను.