జాగ్రత్త: పెట్టె మీద "4+" చూసి బిల్డింగ్ సెట్ కొనేయకండి

చిన్నపిల్లలకు బిల్డింగ్ సెట్, అంటే ప్లాస్టిక్ ముక్కలు బిగించి బొమ్మ కట్టుకునే సెట్, కొనబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. మా పాపకు ఐదేళ్లు. పుట్టినరోజుకని ఫైరింజన్ సెట్ తెచ్చాం. పెట్టె మీద 4+ (నాలుగేళ్లు, ఆ పైవాళ్లకు) అని, 80 ముక్కలని ఉంది. సరిగ్గా సరిపోతుందనుకున్నాం.

విప్పి చూస్తే బండి అడుగుభాగం చక్రాలతో సహా ఒకటే ముక్క. ముందు క్యాబిన్ ఒకటే ముక్క. వెనక భాగమూ అంతే, తలుపులు, గొట్టాలు అన్నీ దానిమీదే అచ్చు పోసేశారు. మూడూ తగిలించగానే బండి తయారు! మిగతావన్నీ హెల్మెట్లు, గొడ్డళ్లు, మంటలు, పూలు. వాటిని కూడా లెక్కలో కలిపే 80 అన్నారు. పాప ఖాళీ కవర్లన్నీ మళ్లీ వెతికి, "అయిపోయిందా అమ్మా? ఇంక నేనేం కట్టాలి?" అంది. ఆ మాటకు చాలా బాధేసింది.

మర్నాడు దాన్నే బస్సు చేద్దామని కూర్చుంది. క్యాబిన్ పైన ఇంకో ముక్క బిగించడానికి ఒక్క బుడిపె కూడా లేదు, నున్నగా ఉంది. ఏది పెట్టినా జారిపోతోంది. అడుగుభాగం మీద బుడిపెలున్నాయి కదా అని ఇంట్లో ఉన్న పాత బ్రిక్స్ పెట్టబోతే అవీ కూర్చోలేదు. స్కేలు పెట్టి కొలిచాను. పాతవాటిలో మొదటి బుడిపె మధ్య నుంచి ఐదో బుడిపె మధ్యకు 32 మిల్లీమీటర్లు. ఇందులో 36. ఇంక ఎలా కలుస్తాయి?

పిల్లల కోసం ముక్కల్ని సులువు చేయడం తప్పని నేననడం లేదు. లెగో 4+ సెట్లలో కూడా బండి అడుగుభాగం తరచూ ఒకటే ముక్కగా వస్తుంది. కానీ దాని మీది బుడిపెలు మామూలు కొలతలోనే, అంటే 8 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటాయి. పైన కట్టే పని పిల్లలకే వదిలేస్తారు. డూప్లో (ఇంకా చిన్నపిల్లల కోసం లెగో వాళ్లే చేసే పెద్ద ముక్కలు) బ్రిక్ అయితే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ మామూలు లెగో బ్రిక్‌కి రెట్టింపు. అయినా మామూలు లెగో బ్రిక్ దాని మీద కూర్చుంటుంది. ముక్క పెద్దదైనంత మాత్రాన పనికిరానిదైపోదు.

అసలు పిల్లలకు కష్టం ఎక్కడో చూడండి. లెగోలో ప్లేట్లు అనే పల్చటి ముక్కల మందం 3.2 మిల్లీమీటర్లే. రెండు అతుక్కుంటే పెద్దవాళ్ల గోళ్లకే ఊడిరావు, పిల్లలు పళ్లతో లాగుతారు. మూడు ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పెడితే ఒక బ్రిక్ ఎత్తు వస్తుంది. ఆ మూడింటి బదులు ఒక బ్రిక్ ఇస్తే అదీ సులువు చేయడమంటే. మూడు ప్లేట్లు పోయాయి, కట్టే పని మాత్రం పోలేదు. మాకొచ్చిన సెట్‌లో కట్టే పనే తీసేశారు.

కాబట్టి ముక్కల సంఖ్యను నమ్మకండి. పెట్టె వెనక ఫొటోలో ముక్కలు విడిగా చూపించారేమో చూడండి. ఒక్కో పెద్ద ముక్కకు పైన బుడిపెలు, కింద గుంటలు ఉన్నాయా? దాన్ని తిరగేస్తే ఇంకేదైనా అవుతుందా? క్యాబిన్ క్యాబిన్‌గా తప్ప ఇంక దేనికీ పనికిరాదనిపిస్తే వదిలేయండి. లెగో లాంటి కంపెనీలు ఇన్‌స్ట్రక్షన్ బుక్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెడతాయి. కొనేముందు తెరిచి, బండి ఎన్ని స్టెప్పుల్లో పూర్తవుతుందో చూడండి. నాకు ఆ ఆలోచన ముందే వచ్చి ఉంటే ఈ పెట్టె ఇంటికి వచ్చేదే కాదు.

ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే ఆ హెల్మెట్లు, పూలలాంటి చిన్నవి ముందే తీసి దాచేయండి, గొంతులో అడ్డం పడతాయి.

షాపుకి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న బ్రిక్ ఒకటి జేబులో వేసుకెళ్లండి. తెరిచి ఉంచిన శాంపిల్ ఉంటే దాని మీద నొక్కి చూడండి.