పీపీఎఫ్ తీయడమా, గ్యారంటీ లోనా?

2020 లాక్‌డౌన్‌లో పలాసలో మా యూనిట్‌లో జీడిపిక్కల బస్తాలు గోడవారగా అలాగే ఉండిపోయాయి. పప్పు ఒలిచే ఆడవాళ్ల కూలి ఆపడానికి మనసొప్పలేదు. ఉన్నవి రెండే దారులు: ముసలితనానికని దాచుకున్న పీపీఎఫ్, లేదా కేంద్రం హామీ ఇచ్చిన అత్యవసర లోన్.

పీపీఎఫ్ తీస్తే అప్పు టెన్షన్ ఉండదు. కానీ పన్ను లేని 7.1 శాతం వడ్డీ పోతుంది. ఏడాదికి లక్షన్నరే కట్టనిస్తారు కాబట్టి తీసిన సొమ్ము మళ్లీ నింపడానికి ఏళ్లు పడుతుంది.

లోన్‌కైతే అప్పట్లో బ్యాంకు వడ్డీ 9.25 శాతం మించేది కాదు. కొత్త తాకట్టు అక్కర్లేకపోయేది, మొదటి ఏడాది వడ్డీ మాత్రం కడితే సరిపోయేది. పాత బాకీలో 20 శాతమే ఇచ్చేవారు, అదొక్కటే ఇబ్బంది. ఆ వడ్డీని వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవచ్చు. 30 శాతం పన్ను కట్టేవాళ్లకు నికర భారం ఆరున్నర శాతం దగ్గరే.

నేను లోనే తీసుకున్నాను. ఆ శనివారం అందరికీ కూలి ఇచ్చాం.