పాత పెడల్ రిపేరుకి ఇచ్చేవాళ్లు జాగ్రత్త: ‘చిప్పు దొరకదు’ అనగానే అడ్వాన్స్ ఇవ్వకండి

విజయవాడ, గుంటూరు వైపు పాత అనలాగ్ కోరస్, డిలే, ఫ్లాంజర్ పెడల్స్ (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న డబ్బాలు) వాడే గిటారిస్టుల కోసం ఇది రాస్తున్నాను. విజయవాడలో ఒక రిపేరు దుకాణంలో నా పెడల్‌లోంచి బాగున్న చిప్పు పీకేసి, నకిలీది పెట్టి, ఆ నకిలీకి కూడా నా దగ్గరే డబ్బు తీసుకున్నారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. దయచేసి కామెంట్లలో ఊహించి ఎవరి పేరూ పెట్టొద్దు. పేరు కన్నా వాళ్లు చేసిన పద్ధతి తెలుసుకుంటేనే మీకు లాభం.

నాది బాస్ కంపెనీ సీఈ-2 కోరస్, అంటే గిటార్ శబ్దాన్ని మెల్లగా అలలా ఊగించే పెడల్. 1979లో వచ్చిన మోడల్, జపాన్ తయారీ, లేత నీలం డబ్బా, రేట్, డెప్త్ అని రెండే నాబ్‌లు. మా బాబాయి చర్చి బ్యాండ్‌లో వాయించేటప్పుడు కొన్నది. శబ్దం బాగానే వచ్చేది కానీ కోరస్ అల కాసేపు ఉండి కాసేపు ఆగిపోయేది. క్రిస్మస్ ప్రోగ్రాములు దగ్గర పడుతున్నాయని రిపేరుకిచ్చాను. కీబోర్డులు, మిక్సర్లు, పవర్ ఆంప్లిఫయర్లు బాగు చేయడంలో ఆ దుకాణానికి మంచి పేరే ఉంది.

దుకాణం ఆయన మూత తీసి చూశాడు. ‘తమ్ముడూ, చిప్పు పోయింది. ఎంఎన్3007. ఇప్పుడెక్కడా తయారు కావట్లేదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒకాయన దగ్గర ఉంది, 4,500 వేస్తే తెప్పిస్తా’ అన్నాడు. ఒక్క మీటరు పెట్టలేదు, ఒక్క పిన్ను తాకలేదు.

ఇందులో సగం నిజం. మిగతా సగం అబద్ధం చెల్లేది ఆ నిజం వల్లే. ఈ పెడల్స్‌లో శబ్దాన్ని ఆలస్యం చేసే చిప్పుని బీబీడీ (బకెట్ బ్రిగేడ్ డివైస్) అంటారు. మంట ఆర్పడానికి వరసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకున్నట్టు, ఇందులో శబ్దపు వోల్టేజీ ఒక కెపాసిటర్ నుంచి ఇంకోదానికి సాగుతుంది. 3007లో ఇలాంటి మెట్లు 1024. డిలే పెడల్స్‌లో వాడే ఎంఎన్3005లో 4096. ఇవి జపాన్‌లో మత్సుషిత, అంటే పానాసోనిక్, తయారు చేసినవి. ఆ కంపెనీ ఎప్పుడో ఆపేసింది. కాబట్టి అసలు 3007 దొరకడం కష్టమన్నది నిజమే.

ఇక్కడే ఇంకో నంబరు ఉంది: 3207. ఇదీ 1024 మెట్లదే, ఎనిమిది కాళ్లదే. ఈ రకం చిప్పులు చైనాలో కొత్తగా తయారై చవకగా దొరుకుతున్నాయి. నంబరులో ఒక్క అంకె తేడా. కానీ 3007 పీ-ఛానల్, 3207 ఎన్-ఛానల్. రెండింటికీ కరెంటు దిశ తారుమారు. సీఈ-2 బోర్డులో చిప్పు ఒకటో పిన్నుకి 9 వోల్టులు వెళ్తుంది, ఐదో పిన్ను గ్రౌండుకి ఉంటుంది. అక్కడ 3207 పెడితే దానికి సప్లై తిరగబడి అందుతుంది. సర్క్యూట్ మార్చకుండా ఒకదాని చోట ఇంకోటి పని చేయదు. మీ మెకానిక్ ‘రెండూ ఒకటేలే’ అంటే పెడల్ తీసుకుని వచ్చేయండి.

నేను అతని మాట నమ్మి ఒప్పుకున్నాను. ఎట్టకేలకు పెడల్ చేతికిచ్చాడు. దుకాణంలో చిన్న ఆంప్లిఫయర్‌కి తగిలించి వాయించాను. కోరస్ లేదు. అడిగితే ‘లైటు వెలుగుతోందిగా, సౌండ్ వస్తోందిగా, ఇంకేం కావాలి బాబూ?’ అన్నాడు. తమ్ముడు కాస్తా బాబయ్యాడు. ఈ సమాధానం బాగా గుర్తుపెట్టుకోండి, మీకూ ఇదే చెప్పొచ్చు. కోరస్ పెడల్‌లో గిటార్ అసలు శబ్దం వేరే దారిలో నేరుగా బయటికొస్తుంది. ఆలస్యమైన శబ్దం తర్వాత దానికి కలుస్తుంది. బీబీడీ పూర్తిగా చచ్చినా లైటు వెలుగుతుంది, శబ్దమూ వస్తుంది. కాబట్టి ఆ రెండూ ఏమీ రుజువు చేయవు.

ఇంటికి తెచ్చి వెనక మూత విప్పాను. అంతకుముందు దుమ్ము తుడిచినప్పుడు తీసిన బోర్డు ఫోటోలు నా ఫోన్‌లో ఉన్నాయి. వాటిలోని చిప్పూ ఇదీ ఒకటి కావు. ఇప్పుడున్నదాని మీద అక్షరాలు తెల్లగా, కొత్తగా మెరుస్తున్నాయి. దూదితో అసిటోన్ అద్ది రుద్దితే నల్ల పూత దూదికి అంటుకుంది, కింద గరుకు కాగితంతో గీకిన గీతలు బయటపడ్డాయి. పవర్ ఇవ్వగానే చిప్పు వేలికి వేడిగా తగిలింది. సరైన 3007 అలా వేడెక్కదు.

గుంటూరులో పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే మా ఫ్రెండ్ దగ్గరికి తీసుకెళ్లాను. అసలు జబ్బు చిప్పుకి కాదు. కోరస్ అలని నడిపే నెమ్మది ఆసిలేటర్ ఆగిపోతోంది, దానికి కారణం రేట్ పాట్ (రేట్ నాబ్ కింద ఉండే భాగం) కాలి దగ్గర విరిగిన సోల్డరింగ్. ఆ చోట మీటరు పెడితే వోల్టేజీ కదలకుండా నిలబడి ఉంది. సోల్డర్ మళ్లీ కరిగించి పెట్టగానే మెల్లగా పైకీ కిందకీ ఊగడం మొదలుపెట్టింది. పది రూపాయల పని కూడా కాదు. నా చిప్పు బతికే ఉందన్నమాట, దాన్నే పీకేశారు.

మీరు ఇంట్లోనే కొంతవరకు పసిగట్టవచ్చు. పెడల్ ఆన్ చేస్తే శబ్దం కొంచెం డొల్లగా మారుతోంది కానీ ఊగడం లేదంటే, ఆలస్యమైన శబ్దం వస్తూనే ఉంది, చిప్పు బతికుంది. అనుమానం ఆసిలేటర్ మీద పెట్టండి. ఆఫ్‌కి ఆన్‌కి తేడానే లేకపోతే అప్పుడు చిప్పు దాకా వెళ్లాలి, అదీ వరసలో. గిటార్ వాయిస్తూ, ఒక వైరు చివర చిన్న కెపాసిటర్ కట్టి ఆంప్లిఫయర్‌కి పెట్టి, చిప్పు మూడో పిన్ను తాకితే లోపలికి వెళ్లే శబ్దం వినిపించాలి. ఏడు, ఎనిమిది పిన్నులు బయటికి వచ్చేవి. రెండు, ఆరు పిన్నుల మీద క్లాక్, అంటే శబ్దాన్ని మెట్టు మెట్టుగా ముందుకు నడిపే సిగ్నల్, ఉందో లేదో ఆసిలోస్కోప్‌తో (సిగ్నల్‌ని తెర మీద గీసి చూపే పరికరం) చూడాలి. క్లాక్ ఇచ్చేది పక్కనున్న వేరే చిప్పు ఎంఎన్3101. అది ఆగినా కోరస్ రాదు, నింద మాత్రం 3007 మీద పడుతుంది. ఇవేవీ చూడకుండా ‘చిప్పు పోయింది’ అనేవాడికి ఏ సంగతీ తెలియదు, లేదా అన్నీ తెలుసు.

ఇంకో మాట. ఓవర్‌డ్రైవ్ పెడల్స్‌లో ఉండే జేఆర్‌సీ4558 గురించి కూడా ‘అరుదైన చిప్పు’ కథలు చెప్తున్నారని విన్నాను. 4558 మామూలు డ్యూయల్ ఆప్ ఆంప్, అంటే శబ్దాన్ని పెంచే భాగాలు రెండు ఉన్న చిప్పు. ఆ చోట టీఎల్072 లాంటిది కూడా సరిగ్గా కూర్చుంటుంది. పాత ముద్ర ఉన్న చిప్పే కావాలని సరదా పడేవాళ్ల సంగతి వేరు, పెడల్ పని చేయడానికైతే దానికి వేలు పోయాల్సిన అవసరం లేదు.

ఇచ్చే ముందు బోర్డు రెండు వైపులా, చిప్పు అక్షరాలు చదవగలిగేలా, సీరియల్ నంబరుతో సహా ఫోటోలు తీసి, వాటినే దుకాణం వాళ్లకి వాట్సాప్‌లో పంపండి. ‘మీ దగ్గర ఫోటో ఉంది’ అని వాళ్లకి తెలియడమే సగం కాపలా. తీసిన పాత భాగం తిరిగి ఇవ్వాలని అదే మెసేజ్‌లో రాయండి. నిజంగా చిప్పు మార్చాల్సి వస్తే సాకెట్ (సోల్డర్ లేకుండా చిప్పు పెట్టి తీసే గూడు) పెట్టించండి. మీ గిటార్‌తో మీరు విన్నాకే మిగతా డబ్బు. అడ్వాన్స్ తప్పకపోతే యూపీఐలోనే వేయండి. నా దగ్గర ఉన్నది తెల్ల కాగితం మీద రాసిచ్చిన చీటీ. దానికన్నా యూపీఐ వివరాలు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లే ఎక్కువ పనికొచ్చాయి.

మోసపోయినవాళ్లు ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు, దుకాణం ఎక్కడున్నా సరే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. నేను 1915కి చెప్పాక ఆయన 2,000 వెనక్కి వేశాడు. అసలు చిప్పు అడిగితే ‘చెత్తలో పడేశాం’ అంటున్నాడు. పోయిన చిప్పుకి ఇంత ధర ఉందని చెప్పిన మనిషే బాగున్నదాన్ని చెత్తలో పడేశాడంటే నేను నమ్మను.

అందుకే చివరగా ఒక సాయం. నా 3007కి ఒకటో పిన్ను వైపు మూల కొంచెం పెచ్చు లేచి ఉంటుంది. ఆ పెచ్చు స్పష్టంగా కనిపించే ఫోటో నా దగ్గర ఉంది. ఇక్కడ ఎవరైనా ‘విడిగా ఒక 3007 ఉంది, తీసుకుంటారా’ అని అడిగితే, కొనే ముందు ఆ చిప్పు ఫోటో అడిగి నాకు పంపండి. పోల్చి వెంటనే చెప్తాను.