పోల్క్ ఆర్‌సీ80ఐ సీలింగ్ స్పీకర్లు: సగం మార్కులు మీ ఫాల్స్ సీలింగ్‌వే

ఈ స్పీకర్లను పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టి వింటే రేకు మోతలా ఉంటాయి. అలా విని వెనక్కి పంపేవాళ్లూ ఉన్నారు. తప్పు స్పీకర్‌ది కాదు. దీనికి వెనక డబ్బా ఉండదు. ఫాల్స్ సీలింగ్ బోర్డుకూ శ్లాబుకూ మధ్య ఉన్న ఖాళీయే దీని డబ్బా. అందుకే సీలింగ్ సంగతి వదిలేసి స్పీకర్ బాగుందా లేదా అని తేల్చడం కుదరదు.

వచ్చేది జత. 8 అంగుళాల పాలిమర్ కోన్, చుట్టూ రబ్బరు అంచు, మధ్యలో సన్నటి శబ్దాల కోసం వేలితో అటూ ఇటూ తిప్పుకోగల 1 అంగుళం ట్వీటర్. 8 ఓమ్‌లు, 20 నుంచి 100 వాట్ల ఆంప్ (యాంప్లిఫయర్) సరిపోతుంది. తేమను తట్టుకుంటుంది కాబట్టి బాత్రూమ్‌లోనూ పెట్టుకోవచ్చు. తెల్ల జాలీకి సీలింగ్ రంగు వేయించేటప్పుడు మాత్రం బ్రష్ వద్దు, స్ప్రేతో పల్చగా రెండు పూతలు చాలు. రంధ్రాలు మూసుకుపోతే ట్వీటర్ గొంతు నొక్కేసినట్టే.

అసలు ఈ సరుకు అమెరికా ఇళ్ల కోసం చేసింది. అక్కడ గోడలు కూడా చెక్క ఫ్రేముకు కొట్టిన జిప్సమ్ బోర్డులే. మనవి ఇటుక గోడలు, ఆర్‌సీసీ శ్లాబు. ఇదే వరుసలో గోడకు పెట్టే ఆర్‌సీ85ఐ కూడా దొరుకుతుంది కానీ, దాని కోసం నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ పగలగొట్టించకండి. టీవీ వెనక 18 మి.మీ. ప్లైతో ప్యానెల్ చేయిస్తున్నట్టయితే, ఆ ఫ్రేమును 5 అంగుళాల లోతు తీయించి, ఒక్కో స్పీకర్‌కు విడిగా అర కట్టించి, లోపల గ్లాస్‌వుల్ పెట్టించండి. అలాగైతేనే గోడ స్పీకర్ మాట ఎత్తాలి.

సీలింగ్ విషయానికొస్తే, బోర్డు పైన కనీసం 5-6 అంగుళాల ఖాళీ కావాలి. ఎత్తు తగ్గుతుందని 3 అంగుళాలకే దించిన సీలింగ్‌లో దీన్ని మర్చిపోండి. స్పీకర్‌లోని స్క్రూలు తిప్పితే పక్కకు కాళ్లు విచ్చుకుని బోర్డును పై నుంచి పట్టుకుంటాయి. 12.5 మి.మీ. జిప్సమ్ బోర్డుకు ఈ పట్టు బాగా కుదురుతుంది. పాత పీఓపీ అయితే కోసిన అంచు పొడిపొడిగా రాలుతుంది. అక్కడ కాళ్లకీ పీఓపీకీ మధ్య 12 మి.మీ. ప్లై రింగు వేయాలి. స్క్రూలకు డ్రిల్ మెషిన్ వాడనివ్వకండి. చేత్తో తిప్పి, అంచు బోర్డుకు ఆనగానే ఆపాలి. ఇంకో చుట్టు తిప్పితే బోర్డు మీది కాగితం చిరుగుతుంది, లేదా కాలు విరుగుతుంది.

సీలింగ్ మేస్త్రిని బోర్డు ఎక్కించకముందే పట్టుకోవాలి. బోర్డును మోసే ఇనుప పట్టీలు, అంటే జీఐ ఛానళ్లు, మామూలుగా 450 మి.మీ. దూరంలో వస్తాయి. స్పీకర్ రంధ్రం సరిగ్గా రెండు ఛానళ్ల నడిమిన పడేలా గుర్తు పెట్టించి, పక్కన కొలత టేపు పట్టుకుని ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచండి. బోర్డు ఎక్కేశాక ఆ ఫొటోలే దిక్కు. ఫొటోలు లేకపోతే అయస్కాంతం జరుపుతూ వెళ్తే స్క్రూల వరస దొరుకుతుంది. తర్వాత మధ్యలో చిన్న బెజ్జం వేసి, రంధ్రం సగం వెడల్పుకు కాస్త ఎక్కువగా వంచిన తీగను లోపల గుండ్రంగా తిప్పి చూడాలి. ఏమీ తగలకపోతేనే రంపం పెట్టాలి. కొలతకు పెట్టెలో వచ్చే అట్టనే వాడండి. వేరే మోడల్‌కు కోసిన రంధ్రం దీనికి సరిపోతుందన్న భరోసా లేదు. మంచం మీదుగా వచ్చే స్పీకర్‌కైతే శ్లాబుకు యాంకర్ కొట్టి సన్నటి తీగతో కట్టించడం తప్పనిసరి. బరువంతా బోర్డు మీదే వేయకూడదు.

ఇంటీరియర్ డ్రాయింగుల్లో చాలాసార్లు మర్చిపోయేది ఫ్యాన్. 48 అంగుళాల ఫ్యాన్ రెక్క కొస మధ్య నుంచి 2 అడుగుల దాకా తిరుగుతుంది. ఆ వలయం మీద స్పీకర్ వస్తే రెక్కలు శబ్దాన్ని తెగ్గొడతాయి, పాట వణికినట్టు వినిపిస్తుంది. రెక్క కొస నుంచి కనీసం అడుగు దూరం ఉంచండి.

నెత్తి మీద నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మోస్ సినిమాల కోసమైతే లెక్క తేలికే. సోఫాలో కూర్చున్న మనిషి చెవి నేల నుంచి 3.5 అడుగులు, సీలింగ్ 9 అడుగులు అనుకుంటే తేడా 5.5 అడుగులు. నాలుగు స్పీకర్లయితే ఒక జత తలకు 5.5 అడుగులు ముందు, ఇంకో జత అంతే దూరం వెనక. అంటే 45 డిగ్రీల కోణం. ముందు జతకు డాల్బీ ఇచ్చిన హద్దు 30 నుంచి 55 డిగ్రీలు కాబట్టి జీఐ ఛానల్ అడ్డొస్తే కాస్త జరుపుకునే వీలుంది. మన హాళ్లలో సోఫా సాధారణంగా వెనక గోడకు ఆనుకునే ఉంటుంది, వెనక జతకు చోటే ఉండదు. అప్పుడు ఒక్క జతతో సరిపెట్టుకుని, తలకు నేరుగా పైన గానీ రెండున్నర అడుగుల లోపు ముందుకు గానీ పెట్టండి. టీవీకి ఎడమ కుడి స్పీకర్లుగా మాత్రం వీటిని వాడొద్దు. నటుడు తెర మీద, మాట నెత్తి మీద నుంచి. ట్వీటర్ ఎంత వంచినా అది పోదు.

వైరు దగ్గర కక్కుర్తి పడితే తర్వాత సీలింగ్ కోయాలి. 15 మీటర్ల దూరానికి రానూపోనూ కలిపి 1.5 చదరపు మి.మీ. రాగి వైరు నిరోధం సుమారు 0.4 ఓమ్, 2.5 అయితే 0.24. 8 ఓమ్‌ల స్పీకర్‌కు మొదటిది బొటాబొటిగా సరిపోతుంది, రెండోది నిశ్చింత. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు ‘స్పీకర్ వైర్’ పేరుతోనే అమ్ముతారు. కొసను కత్తితో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే వద్దు. కరెంటు వైర్ల పైపులో దీన్ని కలపకూడదు. విడిగా 25 మి.మీ. పైపు, కరెంటు పైపుకు అడుగు ఎడంగా వేయాలి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించాలి. వైరు వేయగానే రెండు కొసలకూ గది పేరు రాసి టేపు చుట్టండి. స్పీకర్‌ను వైరుకు కలిపి, బిగించే ముందు ప్లస్, మైనస్ తేల్చుకోవడానికి వైరు ఆంప్ వైపు కొసలకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం ఆనించండి. కోన్ బయటికి తోస్తే సెల్ ప్లస్ ఉన్న కొసే ప్లస్. ఒక స్పీకర్‌కు తిరగబడితే బేస్ మాయమవుతుంది, జనం స్పీకర్‌ను తిడతారు.

హాల్లో రెండు, డైనింగ్‌లో రెండు పెట్టి, ఆంప్‌లోని ఎడమ, కుడి ఛానళ్లలో ఒక్కోదానికి రెండేసి చొప్పున పక్కపక్కన కలిపేస్తే ఆంప్‌కు కనిపించేది 4 ఓమ్‌లే. మామూలు ఏవీ రిసీవర్లు (టీవీ శబ్దాన్ని స్పీకర్లకు పంచే ఆంప్‌లు) అక్కడ వేడెక్కి ఆగిపోవచ్చు. 4 ఓమ్‌లకు ఒప్పుకున్నట్టు రాసిన ఆంప్ కొనండి, లేదా రెండో గదికి వేరే ఆంప్ పెట్టండి.

ఇక గరగర. మొదటి వారంలోనే వచ్చే ఫిర్యాదు ఇది, చాలామంది స్పీకర్ పగిలిందనుకుంటారు. ఫోన్‌లో ఒకే స్వరం మోగించే టోన్ యాప్ పెట్టి, దాన్ని ఈ స్పీకర్లలో మోగిస్తూ 40 నుంచి 120 హెర్ట్జ్ వరకు మెల్లగా పెంచుతూ, సీలింగ్ మీద అరచేయి ఆనించి అక్కడక్కడా నొక్కుతూ వెళ్లండి. నొక్కగానే ఎక్కడ ఆగిందో రోగం అక్కడుంది: వదులైన ఛానల్, బోర్డును కొడుతున్న వైరు, పక్కనున్న ఎల్ఈడీ డౌన్‌లైట్ స్ప్రింగు. రంధ్రం దగ్గర ఛానళ్లకు 6 అంగుళాలకో స్క్రూ అదనంగా కొట్టించి, వైరుకు ఫోమ్ చుట్టి, లైటును కనీసం అడుగు దూరం జరిపిస్తే చాలావరకు పోతుంది.

వెనక తెరిచి ఉన్న స్పీకర్ కింద ఎంత పాడుతుందో పైకీ అంతే పాడుతుంది. ఫ్లాట్‌లో పై అంతస్తు వాళ్లతో మంచిగా ఉండాలంటే, బోర్డు ఎక్కించకముందే 16 అంగుళాల చదరం, 6 అంగుళాల ఎత్తు ఎండీఎఫ్ డబ్బా, లోపల 2 అంగుళాల గ్లాస్‌వుల్ పెట్టించండి. సుమారు 25 లీటర్లు. లోతైన బేస్ కొంచెం తగ్గుతుంది, కానీ దుమ్మూ ఎలుకలూ కోన్ దాకా రావు.

ఇవన్నీ కుదిరాక వినిపించేది గొంతు స్పష్టంగా, గది అంతా ఒకేలా పరుచుకున్న పాట. ఘంటసాల పద్యాలకూ పొద్దుటి సుప్రభాతానికీ ఇంతకు మించి అక్కర్లేదు. డప్పు దరువు గుండెకు తగలాలంటే మాత్రం లోతైన బేస్ కోసం విడిగా సబ్‌వూఫర్ ఉండాల్సిందే. రిసీవర్ మైకుతో కొలిచాక వీటిని ‘లార్జ్’ అని చూపిస్తే ‘స్మాల్’కు మార్చి, క్రాసోవర్ (అంతకు కింది బేస్‌ను సబ్‌వూఫర్‌కు పంపే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి. 10 అడుగుల చదరం పడకగదికి ఈ 8 అంగుళాలది ఎక్కువే. ఇదే వరుసలోని ఆరున్నర అంగుళాల ఆర్‌సీ60ఐ చాలు, రంధ్రం చిన్నది కాబట్టి ఛానళ్ల గొడవా తక్కువే.